నల్ల జీలకర్ర కొనేముందు: ఏ గింజ, ఏ రూపం, ఎవరికి?

"షుగరుకు నల్ల జీలకర్ర మంచిదట కదా, రోజుకు ఎంత వేసుకోవాలి?" అని అడిగేవారు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉన్నారు. ఎంత అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ ఇంటి డబ్బాలో ఉన్నది ఏ గింజో చూడాలి. ఈ ఒక్క పేరు మీద మన దుకాణాల్లో కనీసం మూడు వేర్వేరు మొక్కల గింజలు అమ్ముడవుతున్నాయి. మూడింటికీ గుణాలు వేరు, మోతాదులు వేరు, జాగ్రత్తలు వేరు. ఒకదాని మీద జరిగిన పరిశోధన గురించి చదివి మరొకదాన్ని నెలల తరబడి మింగేవారిని చూస్తుంటే మనసు ఊరుకోదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆరోగ్యం కోసం నల్ల జీలకర్ర వాడాలనుకునే చాలామందికి కలోంజి గింజలే సరైన ఎంపిక. అవి కూడా రోజుకు అర చెంచా దాటకుండా, వంటలోనో అప్పటికప్పుడు నూరుకునో వాడుకుంటే చాలు. నూనె కొన్ని అవసరాలకే పనికొస్తుంది. క్యాప్సూళ్లు అవసరమయ్యేది ఇంకా కొద్దిమందికి. డాక్టరు రాసిన మందు మానేసి దీని మీద ఆధారపడటం మాత్రం ఎవరికీ పనికిరాదు.

డబ్బాలో ఉన్నది ఏది?

ఔషధ గుణాల గురించి మనం వినే కబుర్లన్నీ కలోంజివి. దీని శాస్త్రీయ నామం నైజెల్లా సాటివా. వంటింటి జీలకర్ర, వాము, సోంపు, ధనియాలు ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. కలోంజికి వాటితో చుట్టరికం లేదు. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్ వైపు రబీ పంటగా వేస్తారు. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తితే వేసవి మొదట్లో కోతకు వస్తుంది.

కొన్ని గింజలు అరచేతిలో పోసుకుని చూడండి. గింజ రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. గుండ్రంగా కాకుండా మూడు అంచులతో కోణాలు తేలి ఉంటుంది. రంగు మసి నలుపు, మెరుపు తక్కువ. పరిశీలనగా చూస్తే పైపొర ముడతలు పడి కనిపిస్తుంది. గోటితో చిదిమితే లోపల తెల్లటి పప్పు ఉంటుంది. ఊరికే ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా వాసన రాదు. వేళ్ల మధ్య గట్టిగా నలిపితే వాము, మిరియాలు కలిపి నూరినంత ఘాటు వస్తుంది. నమిలితే ముందు చేదు, ఆ తర్వాత నాలుక మీద చురుకు. నాన్ రొట్టె మీద చల్లేవి, బెంగాలీల పాంచ్ ఫోరన్ తాలింపులో పడేవి, హైదరాబాద్ మిర్చీ కా సాలన్‌లో చాలామంది వేసేవి ఈ గింజలే.

రెండోది షాజీరా. బిర్యానీలో వేసేది ఇది. దీన్ని కూడా నల్ల జీలకర్ర అనే అడిగి కొంటారు. సన్నగా, పొడవుగా, కొద్దిగా వంపు తిరిగి, గీతలతో ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ఆకారంలో మామూలు జీలకర్రకు చెల్లెలే, దాని కుటుంబమే. కశ్మీర్‌లోని గురేజ్, హిమాచల్‌లోని కిన్నౌర్ లాంటి ఎత్తైన చోట్ల దొరుకుతుంది. హిమాచలీ కాలా జీరాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరుదైన పంట కాబట్టి కలోంజి కంటే ఎన్నో రెట్లు ఖరీదు. భోజనం అరగడానికి, సువాసనకు మేలైన దినుసు. అయితే షుగరు, కొలెస్టరాల్ గురించి మీరు చదివిన పరిశోధనలు దీని మీద జరిగినవి కావు. అంత డబ్బు పోసి కొని పొద్దున్నే నీళ్లతో మింగనవసరం లేదు, బిర్యానీకి దాచుకోండి.

మూడోదే అసలు చిక్కు. అడవి జీలకర్ర, హిందీలో కాలీ జీరీ. గింజ కలోంజి కంటే పొడవు, ముదురు గోధుమ రంగు, నిలువు చారలు, నోట్లో పెట్టుకోలేనంత చేదు. పాత వైద్యంలో దీన్ని నులిపురుగులకు, చర్మ వ్యాధులకు వైద్యుడి చేతి మీదుగా కొద్ది రోజులు వాడేవారు. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న పొడి ఒకటి మీకూ వచ్చే ఉంటుంది: మెంతులు 250 గ్రాములు, వాము 100 గ్రాములు, నల్ల జీలకర్ర 50 గ్రాములు వేయించి పొడి కొట్టి రాత్రి పడుకునేముందు వేడి నీళ్లతో వేసుకుంటే సకల రోగాలూ పోతాయని. హిందీలో తిరిగే సందేశంలో మూడో దినుసు కాలీ జీరీ. తెలుగులోకి వచ్చేసరికి అది నల్ల జీలకర్ర అయింది. దాంతో ఒకరింట్లో కలోంజి, ఇంకొకరింట్లో షాజీరా, మరొకరింట్లో అడవి జీలకర్ర పొడిలో కలుస్తున్నాయి. ముగ్గురూ తాము తింటున్నది ఒకటే అనుకుంటున్నారు. కాలీ జీరీని రోజూ నెలల తరబడి తినడం మంచిదని నేను ఎవరికీ చెప్పను. ఆ పొడిలో షుగరుకు నిజంగా అక్కరకొచ్చేది మెంతులే. వాటిలోని జిగురు పీచు తిన్న పిండి పదార్థాన్ని మెల్లగా రక్తంలోకి పంపుతుంది. ఆ మేలు కోసమైతే మెంతులు ఒక్కటీ నానబెట్టుకుని తింటే సరిపోతుంది.

ఇంకొక మాట తప్పకుండా గుర్తుంచుకోండి. కొన్ని ప్యాకెట్ల మీద కలోంజిని ఉల్లి గింజలు అని రాస్తుంటారు. ఆ మాట నమ్మి విత్తనాల దుకాణానికి వెళ్లి ఉల్లి విత్తనాలు తెచ్చుకోకండి. అవి కూడా నల్లగా, కోణాలు తేలి ఉంటాయి. పైకి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. నాటడానికి అమ్మే విత్తనాలకు తెగుళ్ల మందు పట్టించి ఉండవచ్చు. అది కడుపులోకి పోకూడదు. నలిపినప్పుడు వాము ఘాటు రాకపోతే, ఎక్కడ కొన్నా సరే, తినకండి.

పాతకాలం దీన్ని ఎందుకు నమ్మింది?

ఈజిప్టు రాజు తూతన్‌ఖామూన్ సమాధిలో ఈ గింజలు దొరికాయి. ఒకటో శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ తలనొప్పికి, ముక్కు దిబ్బడకు, పంటి నొప్పికి, నులిపురుగులకు దీన్ని సూచించాడు. పదో, పదకొండో శతాబ్దాల నాటి వైద్యుడు ఇబ్న్ సీనా కూడా దీని గుణాలు రాశాడు. ముస్లిం కుటుంబాల్లో దీనికున్న గౌరవం వేరు. నల్ల గింజలో మరణం తప్ప ప్రతి రోగానికీ స్వస్థత ఉందన్న ప్రవక్త వచనాన్ని ఆయన సహచరుడు అబూ హురైరా, భార్య ఆయిషాల పేరిట హదీసులు (ప్రవక్త మాటల సంకలనాలు) నమోదు చేశాయి. పాత వ్యాఖ్యాతల్లో కొందరు ఆ మాటను శీతల స్వభావం గల రోగాలకు వర్తించేదిగా వివరించారు. అంటే ఆ సంప్రదాయంలోనే, ఏ రోగానికి ఎంత, దేనితో కలిపి అని ఆలోచించే పద్ధతి ఉంది. గింజను గౌరవించడం, వైద్యుడి మాట వినడం ఒకదానికొకటి అడ్డు కాదు.

యునానీ వైద్యంలో కలోంజిది వేడి, పొడి స్వభావం. అందుకే కఫం, జలుబు, వాతపు నొప్పులు, అజీర్తి లాంటి వాటికి ఇస్తారు. చార్మినార్ పక్కన నిజామియా ఆసుపత్రి, ఎర్రగడ్డలో చర్మ వ్యాధుల యునానీ జాతీయ పరిశోధన సంస్థ ఉన్న హైదరాబాద్‌లో ఈ వైద్యం ఇప్పటికీ సజీవంగా ఉంది. కలోంజిని మందుగానే వాడాలనుకునేవారికి అర్హత గల హకీములను (యునానీ వైద్యులను) నేరుగా అడిగే వీలుంది, వీడియోలు చూసి వాడటం కన్నా ఆ దారి ఎంతో మేలు. ఆయుర్వేదం మామూలు జీలకర్ర, షాజీరా, కలోంజి మూడింటినీ ఒకచోట చెబుతుంది. ఆకలి పుట్టించడం, అరిగించడం, కాన్పు తర్వాత గర్భాశయాన్ని శుభ్రపరచడం వీటి పనులు. తమిళనాట కరుంజీరగం పేరుతో సిద్ధ వైద్యంలోనూ ఉంది.

ఈ పాత వాడుకల్లో నాకు బాగా నచ్చేది జలుబు మూట. చెంచాడు గింజలను పొయ్యి మీద వాసన వచ్చేదాకా వేడి చేసి, పలుచటి నూలు గుడ్డలో మూటకట్టి, నలిపి వాసన పీల్చడం. మింగేదేమీ లేదు కాబట్టి ఇబ్బంది తక్కువ, ముక్కు దిబ్బడ కాసేపు విడుస్తుంది. వాము మూట కూడా ఇదే పని చేస్తుంది. ఇంట్లో ఏది ఉంటే అది వాడుకోండి. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం ఏ ఘాటు మూటా పెట్టకూడదు. ఉన్ని బట్టల మడతల్లో పురుగు పట్టకుండా కలోంజి చల్లే అలవాటు కూడా మన దేశంలో ఉండేది.

గింజా, పొడా, నూనా, క్యాప్సూలా?

గింజలో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పొద్దుతిరుగుడు నూనెలో ఉండే లినోలిక్ ఆమ్లమే. ఘాటునూ వాసననూ ఇచ్చే ఆవిరి నూనె అతి కొద్ది, గింజ బరువులో ఒక శాతం అటూ ఇటూ. పరిశోధకులు ఇన్నేళ్లుగా వెంటపడుతున్న థైమోక్వినోన్ అనే పదార్థం ఉండేది ఆ కొద్దిపాటి ఆవిరి నూనెలోనే. గాలి, వెలుతురు తగిలితే దాని బలం తగ్గుతుంది. ఏ రూపంలో కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

గింజ పైపొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం లోపలి ఘాటు భద్రం. దుకాణంలో దొరికే పొడి ఎన్నాళ్ల కిందట దంచిందో మనకు తెలియదు. నూనె ఎక్కువగా ఉన్న గింజ కాబట్టి పొడి త్వరగా కమురు వాసన పడుతుంది. పైగా నల్లటి పొడిలో ఏం కలిపారో కంటితో కనిపెట్టలేం. అందుకే తయారు పొడి కొనవద్దనే నా సలహా. గింజలు కొని, వారానికి సరిపడా ఇంట్లో పొడి కొట్టుకుని, మూత బిగుతుగా ఉన్న గాజు సీసాలో పెట్టుకోండి. మిక్సీలో ఆగి ఆగి తిప్పాలి. లేదంటే పొడి వేడెక్కి ముద్ద కడుతుంది. గింజను నమలకుండా గుటుక్కున మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. నమలాలి, లేదా నూరాలి.

చెంచాడు కలోంజి సుమారు మూడు గ్రాములు తూగుతుంది. ప్రయోగాల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు ఒకటి నుంచి రెండు గ్రాములు. అంటే అర చెంచా చాలు. ఇప్పుడు నూనె లెక్క చూడండి. ఐదు మిల్లీలీటర్ల చెంచాడు నూనె రావాలంటే సుమారు 13 గ్రాముల గింజలు గానుగ ఆడాలి. అంటే పరగడుపున చెంచాడు నూనె తాగేవారు, ఒక్క గుక్కలో నాలుగు చెంచాలకు పైగా గింజల సారం తాగుతున్నారు. గింజ తినేవారికీ నూనె తాగేవారికీ మోతాదులో ఇంత తేడా ఉందని చాలామంది గమనించరు. కడుపులో మంట, వికారం, తేన్పులు అని చెప్పేవారిని అడిగి చూడండి, ఎక్కువమంది నూనె తాగేవారే. చెంచాడు నూనెతో పాటు సుమారు 40 క్యాలరీలు కూడా లోపలికి వెళతాయి.

నూనె వాడదలిస్తే గానుగలో వేడి తగలకుండా తీసినది, ముదురు రంగు గాజు సీసాలో పోసినది ఎంచుకోండి. సీసా మీద నైజెల్లా సాటివా అని, వంద శాతం ఆ నూనే అని, తయారైన తేదీ, ఆహార భద్రత సంస్థ 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి. థైమోక్వినోన్ శాతం కూడా రాసే కంపెనీలు ఉన్నాయి, అది మంచి గుర్తు. అసలు నూనె రుచి చూస్తే చేదుగా, ఘాటుగా గొంతులో పట్టుకుంటుంది. చప్పగా, తియ్యగా జారిపోతే అందులో చవక నూనె కలిసి ఉండే అవకాశం ఉంది. గల్ఫ్ నుంచి వచ్చే మనవాళ్లు ప్రేమగా తెచ్చే సీసాలు కూడా ఇలాగే చదివి చూసుకోవాలి. అక్కడ తాగే నూనె, ఒంటికి రాసుకునే నూనె రెండూ అమ్ముతారు. తలకు రాసుకునే కలోంజి తైలాలను ఎట్టి పరిస్థితిలోనూ తాగకూడదు. వాటిలో ఖనిజ నూనె, పరిమళాలు ఉండవచ్చు.

క్యాప్సూల్‌కు ఉన్న గొప్ప సుగుణం మోతాదు కచ్చితంగా తెలియడం. చేదు అసలు భరించలేనివారికి, కింద చెప్పబోయే ఆస్తమా ప్రయోగంలో లాగా లెక్క ప్రకారం నూనె తీసుకోమని డాక్టరు చెప్పినవారికి బాగుంటుంది. శాకాహారులు పెంకు జంతువుల నుంచి తీసే జెలటిన్‌దో కాదో చూసుకోవాలి. ధర మాత్రం గింజలతో పోల్చలేనంత ఎక్కువ.

ఏ అవసరానికి ఏది?

షుగరు దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువ ఆశ, ఎక్కువ ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి. 2010లో వెలువడిన సౌదీ అరేబియా అధ్యయనంలో 94 మంది టైప్ 2 షుగరు రోగులకు, వాళ్ల మాత్రలు కొనసాగిస్తూనే, రోజుకు ఒకటి, రెండు, మూడు గ్రాముల చొప్పున మూడు గుంపులుగా మూడు నెలలపాటు గింజ పొడి ఇచ్చారు. రెండు గ్రాములు తీసుకున్నవారిలో, గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ సగటున ఒకటిన్నర పాయింట్ల దాకా తగ్గింది. మూడు గ్రాములు తీసుకున్నందువల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. ఎక్కువ తింటే ఎక్కువ మేలు అనుకునేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు. అయితే మూడు గుంపులకూ గింజే ఇచ్చారు, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపు లేదు. కాబట్టి ఆ అంకెను నిండుగా నమ్మి మందు తగ్గించుకోకూడదు. ఆ అధ్యయనంలోనూ ఎవరూ మాత్రలు మానలేదు.

షుగరు ఉన్నవారు వాడదలిస్తే ఇలా చేయండి. గింజ పొడి ఎంచుకోండి, నూనె వద్దు. రోజుకు పావు చెంచాతో మొదలుపెట్టి, వారం తర్వాత అర చెంచా. మజ్జిగలోనో కూరలోనో కలుపుకోండి. తేనెతో కలిపి తినమని చాలా చోట్ల చెబుతారు, షుగరు ఉన్నవారికి ఆ తేనె ఎందుకు? గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి. షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు వచ్చే ప్రమాదం వీరికే ఎక్కువ. మొదటి రెండు వారాలు ఇంట్లో పరీక్ష చేసుకుంటూ, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూడండి. తేడా లేకపోతే ఆపేయండి.

కొలెస్టరాల్ విషయంలో రూపాల మధ్య పోలిక స్పష్టంగా దొరుకుతుంది. 17 ప్రయోగాలను కలిపి చూసిన 2016 నాటి విశ్లేషణలో మొత్తం కొలెస్టరాల్, చెడు కొలెస్టరాల్ సగటున 14 నుంచి 16 పాయింట్లు, ట్రైగ్లిసరైడ్లు 20 పాయింట్ల దాకా తగ్గాయి. చెడు కొలెస్టరాల్ తగ్గించడంలో నూనె ముందుంది. మంచి కొలెస్టరాల్ పెరిగింది మాత్రం పొడి తిన్నవారిలోనే. కొద్దిగా ఎక్కువ ఉండి, ఇంకా మందు మొదలుపెట్టనివారికి ఇది పనికొచ్చే సాయం. గుండెపోటు వచ్చి స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) వాడుతున్నవారికి ఇది ప్రత్యామ్నాయం కానే కాదు. స్టాటిన్ చెడు కొలెస్టరాల్‌ను 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది.

బీపీ మీద ప్రభావం చిన్నది. 11 ప్రయోగాల సగటున పై అంకె మూడు, కింది అంకె కూడా దాదాపు మూడు పాయింట్లు తగ్గాయి. ఊరగాయ, అప్పడం తగ్గించుకుంటే అంతకంటే ఎక్కువే తగ్గవచ్చు. బీపీ కోసమే కలోంజి కొనమని నేను చెప్పను.

ఆస్తమా, అలర్జీ జలుబు ఉన్నవారికి నూనె క్యాప్సూళ్ల మీద ఆశాజనకమైన ఆధారం ఉంది. 2017లో ప్రచురితమైన ప్రయోగంలో 80 మంది ఆస్తమా రోగులు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల నూనె తీసుకున్నవారికి నాలుగు వారాల్లో ఆయాసం అదుపు మెరుగుపడింది. ఇది ఇన్‌హేలర్‌కు తోడు మాత్రమే. ఆయాసం వచ్చిన వేళ నూనె సీసా కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

గ్యాస్, కడుపుబ్బరం, అజీర్తికి కలోంజి వెతుక్కోవలసిన పనే లేదు. మామూలు జీలకర్ర నీళ్లు, చిటికెడు వాము అంతే బాగా పనిచేస్తాయి, మన కడుపుకు అలవాటైనవి కూడా. హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి వల్ల పుండు ఉందని తేలితే సంగతి వేరు. ఒక అధ్యయనంలో మామూలు యాంటీబయాటిక్ చికిత్సతో 83 శాతం మందిలో ఆ క్రిమి పోయింది. ఆమ్లం తగ్గించే మాత్రతో పాటు రోజుకు రెండు గ్రాముల కలోంజి తిన్నవారిలో 67 శాతం మందిలో పోయింది. ఒక గ్రాము తిన్నా మూడు గ్రాములు తిన్నా 48 శాతమే. గింజకు బలముందని దీన్ని బట్టి ఒప్పుకోవాలి. ఎంపిక విషయానికొస్తే ముందు నిలిచేది యాంటీబయాటిక్ కోర్సే.

చర్మానికి రాసుకోవాలంటే నూనె తప్ప మార్గం లేదు. చేతుల ఎగ్జిమా మీద ఇరాన్‌లో జరిగిన ప్రయోగంలో కలోంజి పూత బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ పూతకు దీటుగా పనిచేసింది. అయితే అది శుద్ధంగా తయారుచేసిన పూత. మన సీసాలోని నూనె కొందరికి దద్దుర్లు, బొబ్బలు తెప్పిస్తుంది. కొబ్బరి నూనెలో నాలుగో వంతు కలిపి, మోచేతి లోపల రాసి, ఒకటి రెండు రోజులు చూసి ఆ తర్వాతే వాడండి. జుట్టు విషయంలో వ్యాపారం ఎక్కువ, ఆధారం తక్కువ. ఒత్తిడి వల్లో జ్వరం తర్వాతో రాలే జుట్టు మీద 20 మందితో చేసిన చిన్న ప్రయోగం ఒకటి కొంత మేలు చూపింది. బట్టతల మీద మళ్లీ వెంట్రుకలు మొలుస్తాయన్న ప్రకటనలకు ఆధారమేమీ లేదు. జుట్టు రాలడానికి ముందు రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

క్యాన్సర్ గురించి ఒక్క మాట. థైమోక్వినోన్ ప్రయోగశాలలో గాజు పళ్లెంలోని క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజం. మనుషుల్లో కలోంజి తిని క్యాన్సర్ నయమైందన్న రుజువు లేదు. కీమోథెరపీ నడుస్తున్నవారు డాక్టరుకు చెప్పకుండా నూనె, క్యాప్సూళ్లు తీసుకోకండి. కీమో మందుల పనిలో ఇవి జోక్యం చేసుకోవచ్చు.

ఎవరు దూరంగా ఉండాలి?

రొట్టె మీద చల్లినంత, తాలింపులో వేసినంత గింజ దాదాపు ఎవరికీ చెడు చేయదు. ఈ జాగ్రత్తలు మందు మోతాదుకు సంబంధించినవి. గర్భిణులు మందుగా వాడకూడదు, సంప్రదాయ వైద్యంలోనే దీన్ని రుతుస్రావం తెప్పించేదిగా చెప్పారు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు తేదీ ఖరారైనవారు ఆపాలి. ఆపరేషన్‌కు రెండు వారాల ముందే మానేయడం మంచిది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇంకా జాగ్రత్త అవసరం. షుగరు రోగి కలోంజి మాత్రలు తీసుకున్నాక మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది. ఇలాంటివి అరుదే అయినా, రక్త పరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చూపే అంకె) ఎక్కువగా ఉన్నవారు ప్రయోగాలు చేయకూడదు. అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు దీన్ని ముట్టుకోకపోవడమే క్షేమం.

థైరాయిడ్ ఉన్నవారి ప్రశ్న తరచూ వస్తుంది. హషిమోటో థైరాయిడ్ (సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉన్న 40 మందిపై ఇరాన్‌లో ఎనిమిది వారాలు రోజుకు రెండు గ్రాముల పొడి ఇచ్చి చూస్తే థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్, బరువు కొద్దిగా తగ్గాయి. ఇంత చిన్న ప్రయోగాన్ని బట్టి మాత్ర మోతాదు మార్చుకోలేం. వాడితే రెండు నెలలకోసారి టీఎస్‌హెచ్ చూపించుకుంటూ వాడాలి.

కొనేటప్పుడు

బేగంబజార్ లాంటి టోకు మార్కెట్‌లో కొన్నా, వీధి చివరి కిరాణా కొట్టులో కొన్నా కలోంజి అనే పేరుతోనే అడగండి. నల్ల జీలకర్ర అంటే దుకాణదారుడు తన అలవాటు కొద్దీ షాజీరా పొట్లం కట్టవచ్చు. అమెరికా, బ్రిటన్‌లోని భారతీయ దుకాణాల్లోనూ ప్యాకెట్ మీద కలోంజి అని స్పష్టంగా ఉంటుంది. విడిగా అమ్మేచోట నాలుగు గింజలు తీసుకుని అరచేతిలో రుద్దండి. నల్లటి రంగు అంటితే వదిలేయండి. నలిపి వాసన చూడండి. ఘాటు రాకపోతే అది పాత సరుకు. పుల్లలు, మట్టి బెడ్డలు, వేరే గింజలు కలిసి ఉన్నాయేమో చూడండి. ఇంటికి తెచ్చాక ఏరి, ఒకపూట నీడలో ఆరబెట్టి, గాజు సీసాలో పోసి పొయ్యికి దూరంగా పెట్టండి. రోజుకు అర చెంచా లెక్కన 100 గ్రాములు ఒక మనిషికి రెండు నెలలకు పైగా వస్తాయి, ఒకేసారి అంతకు మించి కొనవద్దు. నూనె కూడా అంతే, 50 లేదా 100 మిల్లీలీటర్ల సీసా చాలు. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని రెండు మూడు నెలల్లో వాడేయండి.